బడి కంప్యూటర్ ల్యాబులో ఏది ఎక్కించాలి: ఎంఎస్ ఆఫీసా, లిబ్రెఆఫీసా, గూగుల్ డాక్సా?

దేవరకొండ వైపు ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్తాను. బడికి కంప్యూటర్ టీచరంటూ ఎవరూ లేరు కాబట్టి ల్యాబు తాళంచెవి కూడా నా దగ్గరే ఉంటుంది. ఎనిమిది మెషీన్లలో ఆరు పనిచేస్తాయి. నెట్ కొన్ని రోజులు వస్తుంది, కొన్ని రోజులు రాదు. కాంప్లెక్స్ మీటింగులకు పోయినప్పుడల్లా పక్క మండలాల టీచర్లు అడిగేది ఒకటే: "అప్లికేషన్ సాఫ్ట్‌వేర్ పాఠం చెప్పాలె, ల్యాబుల ఏం ఎక్కియ్యాలె సార్?"

నాకు ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో తెలిసింది తొమ్మిదో తరగతి పిల్లల వల్ల. వర్డ్ ప్రాసెసర్ అంటే ఏమిటని అడిగితే ముందు బెంచీ అమ్మాయి టక్కున "నీలం రంగు డబ్ల్యూ సార్" అంది. క్లాసంతా అవునంది. మరుసటి రోజు ల్యాబులో లిబ్రెఆఫీస్ రైటర్ (వర్డ్ చేసే పనే చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) తెరిచి, లీవ్ లెటర్ టైపు చేయమన్నాను. "ఇండ్ల వర్డ్ లేదు గద సార్" అని అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. అక్షరాలు కొట్టడానికి ఖాళీ కాగితం ఎదురుగా ఉంది. అయినా వాళ్లకు అది కనిపించలేదు. వాళ్లు నేర్చుకున్నది ఒక కంపెనీ బొమ్మను. పని ఏమిటో మేం నేర్పలేదు.

అందుకే ఈ పోలికలో ముందు సాఫ్ట్‌వేర్ రకాల గురించి మాట్లాడి, తర్వాతే పేర్ల దగ్గరికి వస్తాను. నా ఎంపిక ఏదో దాచిపెట్టను: నెట్ సరిగ్గా రాని మన నల్లగొండ, పాలమూరు సర్కారు బడుల్లో ల్యాబుకు పునాదిగా లిబ్రెఆఫీస్ ఉండాలి, గుంపుగా చేసే పనికి గూగుల్ డాక్స్ వాడాలి, పదో తరగతి వాళ్లకు ఎంఎస్ ఆఫీస్ తప్పక చూపించాలి. మీ బడి పరిస్థితి వేరైతే ఈ లెక్క మారుతుంది. ఎక్కడ మారుతుందో కూడా చెప్తాను.

## ముందు చూసుకోవలసినవి

మొదటిది నెట్. "ఉందా" అని కాదు, "పీరియడ్ నడిచే నలభై నిమిషాలూ ఉంటుందా" అని అడగాలి. నల్లమల అంచున ఉన్న అమ్రాబాద్ వైపు బడికీ, నల్లగొండ టౌన్ బడికీ ఇక్కడే దారులు వేరవుతాయి.

రెండోది మెషీన్ వయసు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆఫీస్ 2016, 2019 వెర్షన్లకూ అదే తేదీ. మన ల్యాబుల్లో ఇంకా విండోస్ 7 మెషీన్లు కూడా ఉన్నాయి. పైసలు పెట్టి కొత్తవి కొనేదాకా వాటితోనే నడవాలి. కాబట్టి ఎంచుకునే సాఫ్ట్‌వేర్ పాత మెషీన్‌లో నడుస్తుందా అన్నది పెద్ద విషయమే.

మూడోది లైసెన్సు. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. షాపులో కంప్యూటర్ బాగుచేయించినప్పుడు "ఆఫీస్ కూడా వేసిచ్చినం సార్" అంటారు. అది క్రాక్ చేసిన కాపీ అయితే దానితో పాటు వైరస్ కూడా రావచ్చు. అంతకంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. పరీక్షలో కాపీ కొట్టకూడదని చెప్పే టీచరు, దొంగ కాపీ మీద పాఠం చెప్పకూడదు.

నాలుగోది తెలుగు. మన పిల్లలు రాసేది తెలుగులో. తెలుగు సరిగ్గా కొట్టలేని, కొట్టిన ఫైలు ఇంకో చోట సరిగ్గా తెరుచుకోని ఏర్పాటు ఎంత ఖరీదైనదైనా మనకు పనికిరాదు.

ఐదోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది: ల్యాబులో నేర్చుకున్నది పిల్లలు బడి దాటాక ఎక్కడ వాడతారు? మక్తల్, కోస్గి, మద్దూరు వైపు చాలా ఇళ్లలో అమ్మానాన్నలు పని కోసం ముంబై, పుణె పోతారు, కొన్నిసార్లు పిల్లలూ వెంట పోతారు. ఏడాది మధ్యలో బడి మారిన పిల్లకు కొత్త ల్యాబులో వేరే సాఫ్ట్‌వేర్ ఎదురవుతుంది. ఒక్క సాఫ్ట్‌వేర్ బటన్లు బట్టీ పట్టిన పిల్ల అక్కడ ఆగిపోతుంది. పని తెలిసిన పిల్ల పది నిమిషాలు వెతుక్కుని ముందుకు పోతుంది.

## రకాలు: ఏది ఎంతసేపు చెప్పాలి

పాఠ్యపుస్తకాల్లో వరస ఒకేలా ఉంటుంది: సిస్టమ్ సాఫ్ట్‌వేర్, అప్లికేషన్ సాఫ్ట్‌వేర్, అందులో వర్డ్ ప్రాసెసర్, స్ప్రెడ్‌షీట్, ప్రెజెంటేషన్, డేటాబేస్, గ్రాఫిక్స్. అన్నిటికీ సమానంగా పీరియడ్లు పంచితే సమయం సరిపోదు, సరిపోయినా ఏదీ మనసుకు పట్టదు. నేనైతే సగం పీరియడ్లు స్ప్రెడ్‌షీట్‌కే ఇస్తాను. ఎందుకో చెప్తాను.

సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌కూ అప్లికేషన్ సాఫ్ట్‌వేర్‌కూ తేడా ఒక్క ప్రశ్నతో తేలుతుంది. "ఇది లేకపోతే మెషీన్ నడవదా, లేక మన ఒక పని మాత్రం ఆగుతుందా?" విండోస్ గానీ ఉబుంటు గానీ లేకపోతే మెషీనే నడవదు. రైటర్ లేకపోతే ఉత్తరం మాత్రమే ఆగుతుంది. అప్లికేషన్లలో మళ్లీ, అందరికీ అక్కరకొచ్చేవి కొన్ని, ఒకే పని కోసం తయారైనవి కొన్ని. రెండో రకానికి ఉదాహరణలు పిల్లల ఊర్లోనే ఉన్నాయి: రేషన్ షాపులో వేలిముద్ర వేసే ఈ-పాస్ మెషీన్‌లోది, ఆర్టీసీ కండక్టర్ చేతిలో టికెట్ కొట్టే మెషీన్‌లోది. అవీ అప్లికేషన్ సాఫ్ట్‌వేర్లే అని చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. కంప్యూటర్ అంటే మానిటరూ మౌసూ అనుకున్న వాళ్లకు పాఠం ఒక్కసారి ఊర్లోకి వచ్చినట్టు ఉంటుంది.

వర్డ్ ప్రాసెసర్ సులువు, ఇష్టం కూడా. లీవ్ లెటరు, ఊరి చెరువు మీద వ్యాసం, హెచ్‌ఎం గారికి వినతిపత్రం. నాలుగైదు పీరియడ్లు చాలు. ఒక్కటి మాత్రం పట్టుబట్టి నేర్పండి: శీర్షికను పెద్దక్షరాలు చేసి, బోల్డ్ కొట్టి వదిలేయకుండా "హెడింగ్" స్టైల్ పెట్టడం. అది అలవాటైతే పెద్ద ప్రాజెక్టు రిపోర్టుకు విషయసూచిక దానంతటదే వస్తుంది.

ఇక స్ప్రెడ్‌షీట్. పిల్లలు ముందు దీన్ని "గీతలు గీసిన వర్డ్" అనుకుంటారు. నిజానికి పట్టిక గీయడానికే అయితే వర్డ్ చాలు. తేడా ఎక్కడుందో వడ్ల కాంటా లెక్కతో చూపిస్తాను, ఎందుకంటే మా పిల్లల్లో సగం మంది వడ్లు కొనే ఐకేపీ కేంద్రం దగ్గర నాన్నతో పాటు బస్తాల మీద నిద్రపోయిన వాళ్లే.

112 బస్తాలు. బస్తాకు 40 కిలోలు. అంటే 44.80 క్వింటాళ్లు. 2025-26 సీజన్‌కు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. మొత్తం 1,07,027 రూపాయల 20 పైసలు. ఈ లెక్కను ముందు వర్డ్ పట్టికలో టైపు చేయిస్తాను. తర్వాత "కాంటా దగ్గర బస్తాకు కిలో తరుగు తీసిండ్రు" అంటాను. అందరూ నోట్‌బుక్ తీసి మళ్లీ మొదటి నుంచి గుణించి, పట్టికలో అంకెలు ఒక్కొక్కటీ చెరిపి దిద్దుతారు. అదే లెక్కను ఆ తర్వాత స్ప్రెడ్‌షీట్‌లో వేస్తాం. బస్తాలు ఒక గడిలో, తూకం ఒక గడిలో, తరుగు ఒక గడిలో, ధర ఒక గడిలో. మొత్తం ఉండే గడిలో అంకె ఉండదు, సూత్రం ఉంటుంది. తరుగు గడిలో సున్నా తీసి 1 కొట్టగానే మొత్తం 1,04,351 రూపాయల 52 పైసలకు దిగుతుంది. 2,675 రూపాయలు పోయినట్టు కళ్ల ముందు కనిపిస్తుంది. 2 కొడితే పోయేది 5,351. ఒకసారి వెనక బెంచీ పిల్లవాడొకడు 3 కొట్టి, కాసేపు తెరను చూసి, "మా నాయినకు చూపియ్యాలె సార్" అన్నాడు. ఆ పాఠానికి నాకు అంతకంటే పెద్ద మార్కు లేదు.

స్ప్రెడ్‌షీట్ పుట్టిందే ఈ బాధ నుంచి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్, బ్లాక్‌బోర్డు మీద ఒక అంకె మారితే దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ చెరిపి మళ్లీ రాయాల్సి రావడం చూశాడు. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి చేసిన విసికాల్క్ 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చింది. ఎక్సెల్ అయితే 1985లో ముందు మ్యాకింటాష్ మీద వచ్చి, 1987లో విండోస్‌కు చేరింది. పిల్లలకు ఈ కథ చెప్పండి. స్ప్రెడ్‌షీట్ అంటే ఎక్సెల్ ఒక్కటే కాదని వేరే చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది.

ఇంకో రెండు పనులు మన జిల్లాలకు బాగా అతుకుతాయి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ గురించి పిల్లలకు ఇంట్లోనే తెలుసు. నీటి పరీక్ష ఫలితాలు దొరికితే ఊర్ల వారీగా వేసి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన గడి ఎరుపెక్కేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టించండి. భారతీయ ప్రమాణాల్లో తాగునీటికి గట్టి హద్దు అదే, కోరదగ్గది 1.0 లోపు. ఇక గట్టుప్పల్, పుట్టపాక వైపు నేత కుటుంబాల పిల్లలుంటే గడులన్నిటినీ చదరంగా చేసి రంగులు నింపమనండి. ఇకత్ డిజైన్‌ను గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ వేసుకునే పద్ధతి ఇంట్లో చూసిన పిల్లలు, నేను చెప్పకుండానే గడికొక దారం అని పట్టేశారు. ఆ రోజు క్లాసు నడిపింది వాళ్లే.

ప్రెజెంటేషన్‌కు రెండు పీరియడ్లు మించి ఇవ్వకండి. పిల్లలు అక్షరాలు ఎగిరించడంలో పడిపోతారు. ఆరు స్లైడులు, స్లైడుకు ఒక బొమ్మ, నోటితో చెప్పడం. అంతే.

డేటాబేస్‌ను ఉన్నత పాఠశాల స్థాయిలో పరిచయం చేస్తే చాలు. మార్కుల పట్టిక ఒకచోట, అడ్రసులు ఒకచోట, హాల్‌టికెట్ నంబరుతో రెండూ కలుస్తాయి అన్న ఆలోచన అందితే పని అయినట్టే. గ్రాఫిక్స్‌కు ఆరో తరగతికి టక్స్ పెయింట్, పైతరగతులకు ఇంక్‌స్కేప్ ఉచితంగా దొరుకుతాయి. లెక్కల టీచరుగా జియోజీబ్రా గురించి ఒక్క మాట: త్రిభుజం శీర్షాన్ని మౌసుతో లాగుతుంటే కోణాల మొత్తం 180 దగ్గరే నిలబడటం పిల్ల తన కళ్లతో చూస్తే, నేను బోర్డు మీద చేసే నిరూపణను ఆమె వినే తీరే మారుతుంది.

## ఇప్పుడు పేర్ల దగ్గరికి

ఎంఎస్ ఆఫీస్. దీని బలం చిన్నది కాదు. ఆఫీసుల్లో, నెట్ సెంటర్లలో, చాలా ఉద్యోగ ప్రకటనల్లో అడిగేది ఇదే. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ (పెద్ద పట్టికను క్లుప్తంగా కూడి చూపేది), చార్టులు మిగతా వాటికంటే నున్నగా పనిచేస్తాయి. బడికి సరైన లైసెన్సు ఉంటే సంతోషంగా వాడండి. లేకపోతే రెండు దారులున్నాయి. అర్హత ఉన్న విద్యాసంస్థలకు మైక్రోసాఫ్ట్ 365 ఎ1 ప్లాన్ ఉచితం, కానీ అది బ్రౌజర్‌లో నడిచేది. మామూలు మైక్రోసాఫ్ట్ ఖాతాతో కూడా వర్డ్, ఎక్సెల్ బ్రౌజర్‌లో ఉచితంగా తెరుచుకుంటాయి, 5 జీబీ స్థలం ఇస్తారు. రెండింటికీ నెట్ కావాలి. అంటే నెట్ లేని ల్యాబుకు ఎంఎస్ ఆఫీస్ అంటే కొనాల్సిందే.

లిబ్రెఆఫీస్. ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయి 2010లో మొదలైంది. డాక్యుమెంట్ ఫౌండేషన్ దీన్ని చూసుకుంటుంది. రైటర్, కాల్క్, ఇంప్రెస్, బేస్, డ్రా, మ్యాథ్ ఆరూ ఒకే ఫైలులో వస్తాయి. ఒక్కసారి దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే ఎన్ని మెషీన్లలోనైనా ఎక్కించొచ్చు, పిల్లల ఇంటి కంప్యూటర్లకూ ఇవ్వొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మెనూలను తెలుగులో పెట్టుకునే వీలూ ఉంది. స్ప్రెడ్‌షీట్ అయిన కాల్క్‌లో వరుసల సంఖ్య ఎక్సెల్‌లో ఉన్నన్నే, 10,48,576. సూత్రాలు, షార్ట్‌కట్లు కూడా చాలావరకు అవే. కేరళ సర్కారు బడులు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. సీబీఎస్ఈ పదో తరగతి ఐటీ సబ్జెక్టులో కూడా లిబ్రెఆఫీస్ మీదే పాఠాలున్నాయి. కాబట్టి ఇది పేదబడి సర్దుబాటు అని ఎవరైనా అంటే నమ్మకండి.

దీనితో వచ్చే ఇబ్బందులు కూడా తెలిసుండాలి. ఒకసారి తెలుగు పట్టిక ఉన్న రిపోర్టు రైటర్‌లో తయారుచేసి పై ఆఫీసుకు పంపితే, అక్కడ వర్డ్‌లో గళ్లు జరిగి, రెండు పేజీలది మూడు పేజీలైంది. మళ్లీ చేసి పంపమన్నారు. అప్పటి నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. దిద్దనక్కర్లేని ఫైలు పీడీఎఫ్‌గా పంపాలి. దిద్దాల్సిన ఫైలు వర్డ్ ఫార్మాటులో దాచాలి. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో లోడ్/సేవ్, అందులో జనరల్‌కు పోతే ఎప్పుడూ వర్డ్ ఫార్మాటులోనే దాచేలా ఒక్కసారి పెట్టేయొచ్చు. అలాగే వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్‌కు పోయి "ట్యాబ్డ్" ఎంచుకుంటే పైవరస వర్డ్ రిబ్బన్‌ను పోలి ఉంటుంది, "ఇండ్ల వర్డ్ లేదు" అనే పిల్లల బెరుకు సగం తగ్గుతుంది. పాత మెషీన్లున్న వాళ్లు గుర్తుపెట్టుకోవలసింది ఇంకొకటి: 25.8 వెర్షన్ నుంచి విండోస్ 7, 8 మీద నడవదు. వాటికి అంతకు ముందరి వెర్షనే వేయాలి.

గూగుల్ డాక్స్, షీట్స్, స్లైడ్స్. నలుగురు ఒకే కాగితం మీద ఒకేసారి రాయడం అన్న పనిలో దీనికి సాటి లేదు. మా ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు ఊరి బోనాల మీద ఒకే డాక్యుమెంట్‌లో రాశారు. ఒకడు పొరపాటున మొత్తం చెరిపేసి ఏడుపు ముఖం పెట్టాడు. వెర్షన్ హిస్టరీ తెరిచి పది నిమిషాల కిందటి కాగితాన్ని తెచ్చాం. ఎవరు ఏది రాశారో కూడా అందులో కనిపిస్తుంది కాబట్టి, గుంపు పనిలో మార్కులు వేయడం తేలికవుతుంది.

అయితే ఖాతాల విషయంలో జాగ్రత్త కావాలి. గూగుల్ ఖాతా సొంతంగా తెరవడానికి మన దేశంలో పదమూడేళ్లు నిండాలి. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు తప్పుడు పుట్టిన తేదీ వేసి ఖాతాలు తెరిపించే పని దయచేసి చేయకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. నేను చేసేది ఇది: నా ఖాతాలో డాక్యుమెంట్ తెరిచి, లింకు ఉన్నవాళ్లెవరైనా దిద్దొచ్చు అని పెడతాను. పిల్లలు ఖాతా లేకుండానే ల్యాబు బ్రౌజర్‌లో ఆ లింకు తెరుస్తారు. ఎవరి పేరా మొదట్లో వాళ్లు పేరు రాసుకుంటారు. పీరియడ్ కాగానే లింకు మూసేస్తాను. ఖాతా లేనప్పుడు హిస్టరీలో పేర్లు రావు, ఆ ఒక్క లోటు ఉంది. మొత్తం బడికి ఖాతాలు కావాలంటే గూగుల్ బడులకిచ్చే వర్క్‌స్పేస్ ఫర్ ఎడ్యుకేషన్ ఉచిత ప్లాన్‌కు అప్లై చేసుకోవచ్చు. దాన్ని చూసుకునే మనిషి ఒకరు బడిలో ఉండాలి.

ఫోను యాప్‌లు. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లకు నాన్న ఫోనే కంప్యూటర్. గూగుల్ ఫోను కీబోర్డు జీబోర్డులో తెలుగు మాట్లాడితే అక్షరాలు పడతాయి, వ్యాసం మొదటి ప్రతికి అది చాలు. కానీ చిన్న తెరమీద స్ప్రెడ్‌షీట్ నేర్పబోతే పిల్ల విసిగిపోతుంది. ఫోనును ఇంటిపనికి ఉంచండి, పాఠానికి కాదు. ఒకే యాప్ మీద ఆధారపడితే ఏమవుతుందో కూడా మనం చూశాం. కాగితాలు స్కాన్ చేయడానికి అందరూ వాడిన కామ్‌స్కానర్ 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఉంది. స్కాన్ అంటే ఆ యాప్ అనుకున్న వాళ్లకు ఆ రోజు దారి తోచలేదు.

| చూడవలసింది | ఎంఎస్ ఆఫీస్ | లిబ్రెఆఫీస్ | గూగుల్ డాక్స్ | ఫోను యాప్‌లు |
|---|---|---|---|---|
| నెట్ లేకుండా | కొన్నదైతే నడుస్తుంది | పూర్తిగా నడుస్తుంది | ముందే సిద్ధం చేసుకుంటేనే | కొంతవరకు |
| పాత మెషీన్ | పాత వెర్షన్లకు మద్దతు ముగిసింది | తగిన వెర్షన్ ఎంచుకుంటే బాగుంటుంది | బ్రౌజర్ కొత్తదై ఉండాలి | వర్తించదు |
| ఖర్చు | లైసెన్సు కొనాలి, వెబ్‌లో ఉచితం | ఉచితం | ఉచితం | ఎక్కువగా ఉచితం |
| పిల్లల ఖాతాలు | వెబ్‌కు కావాలి | అక్కర్లేదు | కావాలి, లింకుతో దాటొచ్చు | ఇంటివాళ్ల ఖాతా |
| గుంపు పని | వెబ్‌లో బాగుంటుంది | ఫైలు చేతులు మారాలి | అన్నిటికంటే మేలు | కష్టం |
| స్ప్రెడ్‌షీట్ పాఠం | చాలా బాగుంటుంది | చాలా బాగుంటుంది | బాగుంటుంది | వద్దు |
| ఉద్యోగంలో పేరు | అన్నిటికంటే ఎక్కువ | తక్కువ | పెరుగుతోంది | లేదు |

## తెలుగు టైపింగ్: ఇది విడిగా తేల్చుకోవలసిన ఎంపిక

ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా తెలుగు ఎలా కొట్టాలన్నది ముందే తేల్చుకోండి. ఇక్కడ తప్పు జరిగితే దిద్దడానికి ఏళ్లు పడుతుంది.

మన డీటీపీ సెంటర్లలో చాలాకాలంగా నడుస్తున్నది పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లు. వాటితో ఎన్నో పెళ్లిపత్రికలు, కరపత్రాలు అందంగా అచ్చయ్యాయి. కానీ ఆ ఫాంట్లు యూనికోడ్ (ఏ మెషీన్‌లోనైనా అక్షరం ఒకేలా గుర్తుపట్టే పద్ధతి) కావు. ఆ ఫాంటు లేని మెషీన్‌లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. మా బడి వార్షికోత్సవం కరపత్రానికి పిల్లలు యూనికోడ్‌లో టైపు చేసిచ్చిన రెండు పేజీలను, ప్రెస్సులో ఫాంటు కలవక మళ్లీ మొదటి నుంచి కొట్టారు. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాడే వాళ్లు తక్కువ. పిల్లలకు యూనికోడే నేర్పండి. వాట్సాప్‌లో, గూగుల్ వెతుకులాటలో, సర్కారు వెబ్‌సైట్లలో నడిచేది అదే.

యూనికోడ్‌లో మళ్లీ రెండు దారులు: ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్. ఫొనెటిక్‌లో అమ్మ అని రావాలంటే ఇంగ్లిష్ అక్షరాలు కొట్టాలి. ఇంగ్లిష్ వచ్చిన పెద్దలకు ఒక్క రోజులో పట్టుబడుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. అలవాటుకు రెండు మూడు వారాలు పడుతుంది. నేను ఆరో తరగతి నుంచి ఇన్‌స్క్రిప్టే నేర్పుతాను. మన పిల్లల్లో ఇంగ్లిష్ స్పెల్లింగ్ అంటే భయపడేవాళ్లున్నారు, వాళ్లు తెలుగు రాయడానికి కూడా ఇంగ్లిష్ గుండా పోవలసిన అవసరం ఎందుకుండాలి? పైగా ఇన్‌స్క్రిప్ట్ అన్ని భారతీయ భాషలకూ ఒకే అమరిక. తెలుగు క ఉన్న మీట మీదే హిందీ క ఉంటుంది. ముంబై బడికి పోయిన పిల్లకు అక్కడ హిందీ, మరాఠీ కొట్టడం అప్పటికే సగం వచ్చినట్టు. ఇన్‌స్క్రిప్ట్ విండోస్‌లోనే ఉంటుంది, వేరే ఏదీ దింపుకోనక్కర్లేదు. ఫొనెటిక్ మాత్రం విండోస్ 10 కొత్త వెర్షన్లలో, 11లో ఉంటుంది, విండోస్ 7లో ఉండదు. తొందరలో ఉన్న టీచర్లు ఫొనెటిక్ వాడుకోవడంలో తప్పేమీ లేదు.

## మీది ఏ బడి?

నెట్ రాని, పాత మెషీన్ల సర్కారు బడి. లిబ్రెఆఫీస్, ఇన్‌స్క్రిప్ట్, జియోజీబ్రా. అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టేవే. మెషీన్ విండోస్‌తో మరీ మొరాయిస్తుంటే విండోస్ బదులు తేలికపాటి లినక్స్ (ఉబుంటు లాంటి ఉచిత సిస్టమ్ సాఫ్ట్‌వేర్) వేసి చూడండి. తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ లాంటి వాళ్ల సాయం అడగొచ్చు.

నెట్ బాగున్న టౌన్ బడి, మిర్యాలగూడ, జడ్చర్ల లాంటి చోట్ల. లిబ్రెఆఫీస్‌తో మొదలుపెట్టి, రెండో నెల నుంచి వారానికో పీరియడ్ గూగుల్ డాక్స్‌లో గుంపు పని పెట్టండి. ఒకే పనిని రెండింట్లో చేయించినప్పుడు రకం అంటే ఏమిటో వాళ్లకు బాగా అర్థమవుతుంది.

లైసెన్సు ఉన్న ప్రైవేటు బడి. ఎంఎస్ ఆఫీస్ మార్చనక్కర్లేదు. కానీ చివరి నెలలో ఒక వారం పిల్లలను లిబ్రెఆఫీస్ ముందు కూర్చోబెట్టి, ఏ సాయం చేయకుండా వడ్ల లెక్క వేయమనండి. ఎవరు నిజంగా నేర్చుకున్నారో అక్కడ తెలుస్తుంది.

కస్తూర్బా, గురుకులాల హాస్టళ్లు. పిల్లల చేతిలో ఫోను ఉండదు, కాబట్టి ల్యాబే వాళ్ల ఏకైక అవకాశం. సాయంత్రం స్టడీ అవర్‌లో అరగంట టైపింగ్‌కు కేటాయించేలా ప్రిన్సిపాల్ గారిని ఒప్పించండి. మిగతా బడులకు దొరకని సమయం మీ దగ్గర ఉంది.

పదో తరగతి తర్వాత వెంటనే పనిలోకి పోవాల్సిన పిల్లలు. వీళ్ల విషయంలో నా పట్టుదల పక్కన పెడతాను. మీసేవ సెంటర్‌లో, రైస్ మిల్లు ఆఫీసులో ఇంటర్వ్యూకు పోతే ముందు అడిగేది "ఎంఎస్ ఆఫీస్ వచ్చా" అనే. పరీక్షలయ్యాక రెండు వారాలు వర్డ్, ఎక్సెల్ మీదే కూర్చోబెట్టండి. మెయిల్ మెర్జ్ (ఒకే ఉత్తరాన్ని చాలామంది పేర్లతో తయారుచేయడం), ప్రింట్ సెటప్, సార్ట్, ఫిల్టర్, వీలుకప్ (పట్టికలో వెతికి వివరం తెచ్చే సూత్రం) వస్తే చాలు. కాల్క్ మీద ఏడాది పనిచేసిన పిల్లకు ఇవన్నీ కొత్త చోట ఉన్న పాత బటన్లే.

రేపే ల్యాబు తెరవబోయే వాళ్లకు మొదటి వారం వరస: మొదటి రోజు రేషన్ షాపు మెషీన్ నుంచి ఫోను దాకా ఊర్లో కనిపించే సాఫ్ట్‌వేర్ల జాబితా పిల్లలతోనే రాయించండి. రెండో రోజు, మూడో రోజు తెలుగు కీబోర్డు. నాలుగో రోజు తమ పేరు, నాన్న పేరు, ఊరు టైపు చేసి దాచడం, మూసేసి మళ్లీ తెరవడం. ఐదో రోజు ఇంటి నుంచి కాంటా చిట్టీ గానీ, బత్తాయి అమ్మిన చిట్టీ గానీ, అమ్మ సంఘం పుస్తకంలోని ఒక పేజీ గానీ తెచ్చుకోమని చెప్పండి. సోమవారం నుంచి స్ప్రెడ్‌షీట్ ఆ కాగితంతోనే మొదలవుతుంది.